అగ్ని నివారణకు గ్రాంటు – దరఖాస్తు సిద్ధపరచు విధము

నరసాపురం ప్రాంతమున దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట మరమ్మతులకై గోదావరి కాలువలను కట్టివేయుట పరిపాటి. గడ్డివాములు ఇండ్లచెంతకు చేరునదియు, తాటాకు కప్పులు ఎండకు పెళుసెక్కునదియు ఆ దినములలోనే. నిప్పు అంటుకొనుటకు అనువైన కాలమున ఆర్పుటకు నీరు దొరకుట కష్టమగుచున్నది. కావున అగ్ని నివారణ పంచాయతీ ముందుగా ఆలోచింపవలసిన విషయము.

ఇందులకు ధనమెచ్చటనుండి వచ్చును? 15వ ఆర్థిక సంఘపు సిఫార్సు ననుసరించి, రాష్ట్రములలో అగ్నిమాపక సేవల విస్తరణకు కేంద్ర ప్రభుత్వము 2023లో 5,000 కోట్ల రూపాయల పథకము ప్రారంభించెను. అయితే అట్టి పథకమునకు ప్రతిపాదనలు పంపునది రాష్ట్ర ప్రభుత్వమే గాని పంచాయతీ కాదు. రాజ్యాంగమున అగ్నిమాపక సేవలు పురపాలక సంఘములకు సంబంధించిన 12వ షెడ్యూలులో చేరినవి. పంచాయతీలకు చెందిన 11వ షెడ్యూలులోని 29 అంశములలో లేవు.

అంతమాత్రమున నిరాశ చెందనక్కరలేదు. ఆ 29 అంశములలో రోడ్లు, వంతెనలు కలవు. గ్రామీణ విద్యుదీకరణ కలదు. గ్రామ ఉమ్మడి ఆస్తుల నిర్వహణ కలదు. ఫైరింజను చెరువుగట్టు వరకు పోగల గట్టి బాట, బరువును మోయగల తూము, వ్రేలాడు తీగల సవరణ – ఇవన్నియు అగ్ని నివారణ పనులే. వీనిని గ్రామసభ ఆమోదముతో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవచ్చును. ఏ పనికి ఏ నిధి వర్తించునో మండల పరిషత్తు కార్యాలయమున ముందుగా విచారించుట మేలు.

అమెరికాలో అగ్ని నివారణకును, అగ్నిమాపక సిబ్బంది భద్రతను గూర్చిన పరిశోధనకును కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు కలవు. అచటి దరఖాస్తులో చూచు విషయములలో ఈ నాలుగు కలవు: అపాయమెట్టిది? అది ఎవరికి? పని ఎట్లు జరుగును? ఫలితమును ఎట్లు కొలుతురు? మన గ్రామ ప్రతిపాదనకును ఈ నాలుగు ప్రశ్నలు చాలును.

వీనికి సమాధానము ఊహవలన రాదు, లెక్కవలన వచ్చును. అందులకు పంచాయతీ కార్యాలయమున ఒక అగ్నిప్రమాదముల పుస్తకము నుంచవలెను. ప్రమాదము జరిగిన తేదీ, వేళ, కారణము, కాలిన ఆస్తి, కబురు పంపిన సమయము, శకటము చేరిన సమయము, నీరు తోడిన చోటు – ఇవి వ్రాసిన చాలును. “మా యూరికి బాట కావలెను” అనుటకంటె, “గడచిన మూడేండ్లలో ఇన్ని పర్యాయములు శకటము ఈ మలుపున నిలిచిపోయినది” అని చూపుట బలమైన వాదము. పని ముగిసిన తరువాత అదే పుస్తకము ఫలితమును తెలుపును. పరిశోధన యనగా గ్రామస్థాయిలో ఇదియే.

మంటలార్పవచ్చు సిబ్బంది ప్రాణములను గూర్చియు ఆలోచింపవలెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రత్తితోపాటు ప్రేలుడు పదార్థములున్న ఓడ తగులబడి ప్రేలగా, ఆర్పుచుండిన సిబ్బందిలో అనేకులు మరణించిరి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి పలువురు గ్రామస్థులు అసువులు బాసిరి. ఎచ్చట ఏమున్నదో ముందుగా తెలియుట ప్రాణరక్షణకు మొదటి మెట్టు. కనుక గ్యాసు గొట్టములు, ట్రాన్స్‌ఫార్మర్లు, పురుగుమందులు, డీజిలు నిలువచేయు చోట్లు, వేసవిలోను నీరుండు చెరువులు గుర్తించిన పటమొకటి గీయించి, ఒక ప్రతిని సమీప అగ్నిమాపక కేంద్రమున కీయవలెను. దీనికి గ్రాంటుతో పనిలేదు.

ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. ఆ వారమున కేంద్రపు అధికారిని గ్రామమునకు ఆహ్వానించి, పుస్తకమును, పటమును చూపి, ఆయన సలహాను లిఖితపూర్వకముగా పొంది ప్రతిపాదనకు జతపరచుడు. కాలువలు కట్టకముందే ఈ పని ముగించిన గ్రామము వేసవిని ధైర్యముతో ఎదుర్కొనగలదు.