సంగీత పరికరాల మాన్యువళ్లు: అచ్చు ప్రతి, డిజిటల్ ప్రతి – అవగాహన

అంశం ఏమిటి?

శ్రుతిపెట్టె, కీబోర్డు, మైకు మిక్సరు కొంటే ఒకప్పుడు పెట్టెలో పుస్తకం వచ్చేది. ఇప్పుడు చాలావాటితో నాలుగు మడతల కాగితం, దాని మీద ఒక క్యూఆర్ కోడు వస్తున్నాయి. మిగతా సమాచారమంతా కంపెనీ వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా ఉంటుంది. సంగీత సాఫ్ట్‌వేర్ కొంటే ఆ కాగితం కూడా ఉండదు.

పోటీ పరీక్షలకు ఈ అంశం మూడు వైపుల నుంచి పనికొస్తుంది: వినియోగదారుల హక్కులు, సైన్స్ అండ్ టెక్నాలజీ, సాంస్కృతిక వారసత్వం. సంగీతంలో సర్టిఫికెట్, డిప్లొమా రాసేవారికి ఇది రోజూ చేతిలో ఉండే విషయం. కాగితమా, తెరా అని మాత్రమే అడిగితే సగం జవాబే దొరుకుతుంది. మారని సమాచారం కాగితం మీద, మారే సమాచారం తెర మీద ఉండాలి. రెండూ తెలుగులో ఉండాలి. ఈ మూడో షరతును ఎవరూ పట్టించుకోవడం లేదు, అభ్యర్థులు సైతం జవాబుల్లో దాన్ని వదిలేస్తున్నారు.

కపిలేశ్వరపురం ఎందుకు?

పరికరాలు వచ్చాక మాన్యువల్ అవసరం ఎలా పెరిగిందో చూపడానికి ఈ ఊరు మంచి ఉదాహరణ. గౌతమి గోదావరి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురానికి హరికథ వల్ల పేరు వచ్చింది. ఇక్కడి జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970లలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను స్థాపించారు. గురుకుల పద్ధతిలో ఆడపిల్లలకు హరికథ నేర్పే సంస్థగా అది గుర్తింపు పొందింది. సంస్కృతంలో హరికథలు చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్న డి. ఉమామహేశ్వరి ఈ పాఠశాల విద్యార్థినే.

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాలం నుంచీ ఈ కళ గురుముఖంగానే వచ్చింది. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, వెనక మృదంగం, వయొలిన్. వీటిలో దేనికీ మాన్యువల్ లేదు. చిడత ఎలా పట్టాలో, గజ్జె ఏ దెబ్బకు మోగాలో గురువు చేసి చూపించాల్సిందే. అయితే కథా వేదిక మీదికి శ్రుతిపెట్టె, మైకు, స్పీకరు వచ్చాక పరిస్థితి మారింది. ఈ యంత్రాలు గురువుకూ కొత్తే, శిష్యురాలికీ కొత్తే. ఆ ఖాళీని నింపవలసింది మాన్యువల్.

తెలుగులో అచ్చయిన గొప్ప సంగీత మాన్యువల్

సుబ్బరామ దీక్షితులు (1839–1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయింది. ఊరు తమిళనాట ఉన్నా పుస్తకం తెలుగు లిపిలో వచ్చింది. దాన్ని కీర్తనల సంకలనంగా మాత్రమే గుర్తుపెట్టుకుంటే దాని విలువలో సగం చేజారినట్టే. స్వరాన్ని ఊపే, జార్చే తీరులైన గమకాల్లో కంపితానికి అలలాంటి గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి, ఆ గుర్తును ఎలా చదవాలో దీక్షితులు వివరించారు. వాడేవాడి చేతికి తాళంచెవి ఇచ్చిన పుస్తకం అది. మాన్యువల్ చేయవలసిన పని అదే.

ఇదే పుస్తకాన్ని తెర మీదికి తెచ్చేటప్పుడు చిక్కు మొదలవుతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991 నుంచే చోటు ఉంది. కానీ ఆ గమక గుర్తులకు తెలుగు విభాగంలో చోటు లేదు. తార స్థాయికి స్వరం మీద, మంద్ర స్థాయికి స్వరం కింద పెట్టే చుక్కలు సైతం చాలా ఫాంట్లలో పక్కకు జరిగిపోతాయి. చుక్క జరిగితే స్థాయి మారుతుంది, పాట మారుతుంది. అందుకే పాత స్వరలిపి పుస్తకాలను స్కాన్ చేసి బొమ్మలుగా దాచడమే ఇప్పటికి క్షేమం. బొమ్మలో మాట వెతకడం కుదరదు కాబట్టి, డిజిటల్ ప్రతికి ఉన్న పెద్ద బలమే అక్కడ పోతుంది. ఇది పరీక్షలో రాయదగిన పాయింటు, ఎక్కువమంది రాయరు.

శ్రుతిపెట్టెతో అర్థం చేసుకుందాం

ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలో ఉండే మీటలు నాలుగైదే: శ్రుతి ఎంపిక, సూక్ష్మంగా సరిచేసే మీట, ధ్వని, పంచమం–మధ్యమం మార్చే మీట. ఒకటో శ్రుతి అంటే సి, ఐదో శ్రుతి అంటే జి. ఆడవారి గొంతు సాధారణంగా ఐదు, ఐదున్నర ప్రాంతంలో ఉంటుంది. హార్మోనియంతో, కీబోర్డుతో కలవాలంటే ‘ఏ (A)’ స్వరం 440 హెర్ట్జ్ అనే అంతర్జాతీయ ప్రమాణం (ఐఎస్ఓ 16) ఉపయోగపడుతుంది. ఈ సమాచారం పదేళ్ల తర్వాత కూడా మారదు. ఒక్క కాగితంలో పడుతుంది. కథ మొదలయ్యే ముందు, వేదిక వెనక మసక వెలుతురులో ఫోను తెరిచి పీడీఎఫ్‌లో వెతికే తీరిక ఎవరికీ ఉండదు. పెట్టె మూతకు అంటించిన తెలుగు కాగితమే అక్కరకొస్తుంది.

పంచమం–మధ్యమం మీట ఎక్కడుందో మాన్యువల్ చెబుతుంది. పున్నాగవరాళి, నాదనామక్రియ వంటి రాగాలకు మధ్యమ శ్రుతి పెట్టుకోవాలని గురువు చెబుతారు. పరికరం గురించి ఎంత రాసినా సంగీతం గురించిన భాగం గురువు దగ్గరే ఉంటుంది.

ఇంకో కీలక విషయం ఎడాప్టరు. కొన్ని పరికరాల పిన్నులో లోపలి భాగం పాజిటివ్, కొన్నింటిలో నెగటివ్. వోల్టేజీ సరిపోయినా ఈ తేడా చూసుకోకపోతే పరికరం కాలిపోవచ్చు. ఇలాంటి హెచ్చరికను క్యూఆర్ కోడు వెనక దాచడం తప్పు. ప్లగ్గు పెట్టేముందు కంటికి కనబడాలి.

మిడి చార్టు: ముసలిదైపోని పేజీ

కాగితం మీద ఉండదగిన మారని సమాచారానికి ఇంకో ఉదాహరణ మిడి చార్టు. వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో మిడి ప్రమాణం వచ్చింది. ఒక తీగ మీద 16 ఛానళ్లు, విలువలు 0 నుంచి 127 వరకు, మధ్య ‘సి’ స్వరం సంఖ్య 60. పాత అచ్చు మాన్యువళ్ల చివర ‘మిడి ఇంప్లిమెంటేషన్ చార్టు’ అని ఒక పేజీ పట్టిక ఉంటుంది. ఆ కీబోర్డు ఏ సందేశాలు పంపుతుందో, వేటిని అందుకుంటుందో ‘ఓ’, ‘ఎక్స్’ గుర్తులతో చూపిస్తుంది. నలభై ఏళ్ల కిందటి చార్టు ఈరోజు కూడా అక్షరాలా పనిచేస్తుంది. మిడి 2.0 ప్రమాణం 2020లో వచ్చినా పాతదాన్ని కాదనలేదు.

డిజిటల్ ప్రతి ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది?

సాఫ్ట్‌వేర్ విషయంలో డిజిటల్‌దే పైచేయి. అప్‌డేట్ వచ్చిన రోజే మెనూలు మారిపోతాయి. అచ్చు పుస్తకం ఆ వేగాన్ని అందుకోలేదు. వెతికే సౌకర్యం, అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు, చూపులేనివారికి తెర చదివి వినిపించే సాధనాలు కూడా డిజిటల్ ప్రతి బలాలే. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన సెక్షన్ 52(1)(జెడ్‌బీ) దివ్యాంగులకు అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేయడానికి అనుమతిస్తుంది.

బలహీనత మన్నికలో ఉంది. స్వరలిపి రాసే ‘ఫినాలే’ సాఫ్ట్‌వేర్‌ను దాదాపు 35 ఏళ్ల తర్వాత ఆపేస్తున్నట్టు మేక్‌మ్యూజిక్ కంపెనీ 2024 ఆగస్టులో ప్రకటించింది. ఇలా ఒక ఉత్పత్తి ఆగిపోతే, వెబ్‌లో మాత్రమే ఉన్న సహాయ పేజీలు ఎన్నాళ్లుంటాయో కంపెనీ ఇష్టం. అందుకే దించుకుని దాచుకోగల పీడీఎఫ్ వేరు, నెట్ ఉంటేనే తెరుచుకునే పేజీ వేరు. దీర్ఘకాలం నిలవడానికి పీడీఎఫ్/ఏ అనే ప్రత్యేక ప్రమాణం (ఐఎస్ఓ 19005) 2005 నుంచి ఉంది.

అలాగని కాగితాన్ని గుడ్డిగా నమ్మలేం. 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన ప్రాంతం కపిలేశ్వరపురం ఉన్న ఈ గోదావరి తీరం. వరదనీటికి పుస్తకం నిలవదు. తుపాను తర్వాత కరెంటు లేక ఫోను వెలగదు. రెండు ప్రతులూ ఉంచుకోవడం ఈ నేలకు అవసరం.

చట్టం ఏమంటోంది?

వినియోగదారుల రక్షణ చట్టం–2019 (2020 జులై 20 నుంచి అమలు) లోని సెక్షన్ 84 తయారీదారు బాధ్యతను నిర్వచిస్తుంది. హాని జరగకుండా సరైన వాడకం గురించి తగిన సూచనలు, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరికలు ఇవ్వకపోతే, దానివల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యుడు. ఈ సెక్షన్‌లో కాగితం, తెర అన్న భేదం లేదు. ‘తగిన’ అన్న మాటకు తెలుగు మాత్రమే వచ్చిన వినియోగదారుడి వైపు నుంచి అర్థం చెప్పుకోవాలన్నది నా వాదన. చదవలేని భాషలో ఇచ్చిన హెచ్చరిక ఎవరినీ కాపాడదు.

2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. మాన్యువళ్లు, మరమ్మతు వివరాలు కంపెనీలు ప్రజలకు అందుబాటులో ఉంచాలన్నది దాని ఉద్దేశం. ఐరోపా సమాఖ్య యంత్రాల నియమావళి 2023/1230 ఇంకో దారి చూపుతోంది. 2027 జనవరి 20 నుంచి వర్తించే ఆ నియమావళి డిజిటల్ సూచనలను ఒప్పుకుంటుంది. కొనుగోలుదారు కొనేటప్పుడు అడిగితే నెలలోగా కాగితం ప్రతి ఉచితంగా ఇవ్వాలంటుంది. అది సంగీత పరికరాల కోసం రాసినది కాదు. అయినా మన చట్టంలో ఇలాంటి నిబంధన రావాలని జవాబులో సూచించవచ్చు.

పరీక్షకు

మెయిన్స్ నమూనా ప్రశ్న: ‘ఉత్పత్తుల వాడకం సూచనలు పూర్తిగా డిజిటల్ రూపంలోకి మారడం వినియోగదారుల హక్కులపై చూపే ప్రభావాన్ని, ప్రాంతీయ భాషల కోణంలో చర్చించండి.’ జవాబును సెక్షన్ 84తో మొదలుపెట్టండి. తర్వాత యూనికోడ్ తెలుగు విభాగంలో చోటు దొరకని గమక గుర్తుల ఉదాహరణ, ఆపై ఐరోపా నియమం రాయండి. దివ్యాంగుల సౌకర్యాన్ని మరిస్తే జవాబు ఏకపక్షమవుతుంది.

సంగీత విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ పాఠశాలలో ఉన్న ప్రతి పరికరానికీ ఒక పేజీ తెలుగు సూచనలు మీరే రాసి, దాని పెట్టెలో పెట్టండి. కంపెనీ పీడీఎఫ్‌ను దించి రెండు చోట్ల దాచండి. భద్రతా సూచనలే లేని పరికరం మీ చేతికొస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడ తెలుగులో ఫిర్యాదు చెప్పుకోవచ్చు.