విశ్వవిద్యాలయ గ్రంథాలయము – అందలి ఉద్యోగుల సేవ

గ్రంథాలయమనగా పుస్తకములు నిండిన బీరువాలని మనలో అనేకుల అభిప్రాయము. ఆ పుస్తకమును చదువరి చేతికి చేర్చు ఉద్యోగిని మనము తలపము. ఉద్యోగికి శ్రద్ధ లేనిచోట లక్ష గ్రంథములున్నను అవి ధూళి పట్టి పడియుండును. శ్రద్ధ యున్నచోట నూరు పుస్తకములైనను నూరిండ్లకు వెలుగు నిచ్చును. దీనికి చెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయ చరిత్రయే నిదర్శనము. ఆ చరిత్రకును మన పిల్లల తెలుగు చదువునకును గల సంబంధమును తల్లిదండ్రులకు విన్నవింప దలచితిమి.

1924 జనవరిలో శ్రీ ఎస్. ఆర్. రంగనాథన్ ఆ గ్రంథాలయమునకు అధికారిగా నియమింపబడిరి. వారు 1892లో తంజావూరు మండలమందలి శీర్గాళిలో జన్మించిరి. అంతకుముందు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిరి. క్రొత్త పనిలోని ఒంటరితనము వారికి సహింపరానిదయ్యెను. మరల బోధనకే పోయెదనని కోరగా, లండనుకు వెళ్లి గ్రంథాలయ విద్య నభ్యసించి వచ్చిన పిమ్మట నిర్ణయించుకొనుమని పెద్దలు చెప్పిరి. అక్కడి ఊళ్లలో పనివారు, స్త్రీలు, పిల్లలు అందరును గ్రంథాలయములకు వచ్చుట వారు చూచిరి. 1925లో దృఢచిత్తముతో తిరిగి వచ్చి, సుమారు ఇరువది సంవత్సరములు సెలవన్నది ఎరుగక అదే గ్రంథాలయమున పనిచేసిరి.

అంతవరకు చదువరి బల్లయొద్ద నిలిచి పుస్తకము పేరు చెప్పవలసి యుండెడిది. రంగనాథన్ గారు చదువరులను బీరువాల నడుమకే పోనిచ్చిరి. దారి తెలియని వారికి సాయపడుటకు ఉద్యోగులను నియోగించిరి. 1936లో గ్రంథాలయము సముద్రతీరమందలి సొంత భవనమునకు చేరినది.

1931లో వారు ప్రకటించిన గ్రంథమున ఐదు సూత్రములు గలవు. వాని సారమిది: పుస్తకములు దాచుటకు గాక వాడుటకు, ప్రతి చదువరికిని తగిన పుస్తకము దొరకవలెను, ప్రతి పుస్తకమునకును తగిన చదువరి దొరకవలెను, చదువరి కాలము వృథా కారాదు, గ్రంథాలయము నానాటికి పెరుగుచుండును.

1933లో కోలన్ వర్గీకరణము వెలువడినది. ఒక ఉదాహరణము చెప్పెదము. ఒక విద్యార్థి పోతన భాగవతమును కోరెననుకొనుడు. ఆ పద్ధతిలో సాహిత్యమను శాస్త్రము, పిదప తెలుగు అను భాష, పిదప పద్యమను ప్రక్రియ, పిదప కవి, చివర కృతి అని మెట్టుమెట్టుగా గుర్తులు వేయుదురు. ఇంటికి వీధి, గడప సంఖ్య యుండునట్లు ప్రతి పుస్తకమునకును ఒక చిరునామా ఏర్పడును. ఒక భాషలోని కావ్యములన్నియు ఒకచోటనే చేరును.

ఇట్టి పనికి శిక్షణ కావలెను గదా! అందుకై చెన్నపురి గ్రంథాలయ సంఘము 1929లో తరగతులు ప్రారంభించినది. 1931లో వానిని విశ్వవిద్యాలయమే స్వీకరించినది. పుస్తకములు కాచు గుమాస్తా యనబడిన ఉద్యోగి ఆ పిమ్మట శాస్త్రజ్ఞుడుగా గౌరవింపబడెను. రంగనాథన్ గారు తమ సంపాదనలో లక్ష రూపాయలను సతీమణి శారద పేరిట గ్రంథాలయశాస్త్ర పీఠమునకై ఆ విశ్వవిద్యాలయమునకే యిచ్చిరి.

తెలుగు గ్రంథములను కాపాడినవారును ఇట్టి ఉద్యోగులే. బ్రౌను దొర సేకరించిన తెలుగు వ్రాతప్రతులు చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తిరుపతికి తరలుటకు ముందు అక్కడనే పనిచేసిరి. తాటాకు పెళుసెక్కును, పురుగు తినును. దానిని తుడిచి, నూనె రాసి, చదివి, ప్రతి వ్రాయించు ఓర్పు గలవారు లేకున్నచో ఎన్నియో కావ్యములు మనకు దక్కెడివి కావు.

ఇక మన సంగతి. 2006లో తమిళ అభ్యాస చట్టము వచ్చిన పిమ్మట, ఈ రాష్ట్రమున ఒకటవ తరగతి మొదలు ఏటేటా తమిళము నిర్బంధ పాఠ్యమైనది. మనము నివసించు నేల భాషను పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగునకు బడిలో దొరకు కాలము తగ్గినపుడు, ఆ లోటును ఇల్లును, గ్రంథాలయమును తీర్పవలెను. తెలుగునాట తెలుగు పుస్తకమునకు చదువరి తానై వచ్చును. ఇక్కడ మనము వెదకి తేవలెను. పై మూడవ సూత్రము మనకొరకే చెప్పినట్లున్నది.

1948లో మద్రాసు రాష్ట్రమున పౌర గ్రంథాలయ చట్టము చేయబడినది. దాని వలన ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. కనుక శాఖా గ్రంథాలయమున తెలుగు పుస్తకమును కోరుట యాచన కాదు, హక్కు. అయితే ఎవరును అడుగని భాషలో పుస్తకములు కొనుట ఉద్యోగికి కష్టము. అందుచేత ప్రతి కుటుంబమును సభ్యత్వము తీసికొని, కావలసిన తెలుగు పుస్తకముల పేర్లు వ్రాతపూర్వకముగా ఇయ్యవలెనని కోరుచున్నాము.

మరియొక మనవి. మా పాఠశాల బీరువానుండి ప్రతి విద్యార్థియు వారమునకు ఒక తెలుగు పుస్తకము ఇంటికి తెచ్చుకొనవచ్చును. చిరుగునని, పోవునని భయపడి తల్లిదండ్రులు వలదనరాదు. చిరిగినది మేము అతికించుకొందుము. రాత్రి భోజనానంతరము పిల్లవానిచే రెండు పుటలు బిగ్గరగా చదివించి వినుడు. అవ్వకు చదువు రాకున్నను వినుట వచ్చును. ఆమె చెప్పు మాటల అర్థములు నిఘంటువులందు సైతము దొరకవు. గ్రంథాలయోద్యోగి పుస్తకమును గడప వరకు తేగలడు. గడప దాటించి లోనికి తెచ్చుకొనుట మన పని.