నీటి బిందువులలో మేలైన సూక్ష్మజీవుల ఎంపిక



వరిమడిలో మేలైన వెన్నులను విత్తనమునకు ఏరుకొనుట మీకు తెలిసిన పనియే. ప్రతి మొక్కయు వేరుగా కంటికి కనిపించును గనుక అది సాధ్యమగుచున్నది. కాని చిటికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. వానిలో మేలైనదానిని ఏరుట ఎట్లు?

పాత పద్ధతి: మట్టిలోని సూక్ష్మజీవులను గాజు పళ్లెములలో పెంచి, ఒక్కొక్కదానిని పరీక్షించెడివారు. భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలమున, అచ్చటి డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు పలు ప్రాంతముల మట్టిని ఇట్లే శోధించెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు సాన్‌బోర్న్ పొలపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందు లభించినది. ఇది 1948లో వెల్లడియైనది. అయితే ఈ పద్ధతికి కాలము, ఖర్చు అధికము.

కొత్త పద్ధతి: వెంట్రుక మందమున్న సన్నని కాలువలలో నీటిని, నూనెను కలిసి పారించెదరు. నూనె నీటిని చిన్న చిన్న బిందువులుగా తెంపును. సూక్ష్మజీవులను పలుచగా కలుపుటచే బిందువునకు ఒక్కటికి మించి చేరుట అరుదు. కోరిన గుణమున్నది చేరిన బిందువు మెరయును. విద్యుత్తు సాయమున దానిని పక్క కాలువకు మళ్లించెదరు. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విధముగా 10 గంటలలో సుమారు 10 కోట్ల పరీక్షలు జరిపి, మొదటి దానికంటె 10 రెట్లకు మించి వేగముగా పనిచేయు ఎంజైములను ఎంపిక చేసిరి.

అయితే బిందువులో గెలిచినది మన చేలలో గెలుచునని చెప్పలేము. అచ్చట ఎండ లేదు, పోటీ జీవులు లేవు. కనుక ఏ పద్ధతిన ఎంపికైన కల్చరునైనను మీ చేనిలో పరీక్షింపవలెను. ఎల్లారెడ్డిపేట ప్రాంతమున పెసర, కంది వేయువారు రైజోబియం కల్చరుతో ఇట్లు చేయవచ్చును:

1. పొట్లముపై గడువు తేదీ చూచి కొనవలెను, ఎండ తగులనీయరాదు.

2. బెల్లపు నీటితో విత్తనమునకు పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. తెగుళ్ల మందు పట్టించునపుడు ముందు మందు, చివర కల్చరు పట్టించవలెను.

3. కొన్ని సాళ్లను కల్చరు లేకుండ విడువవలెను.

4. పూత సమయమున రెండు చోట్లనుండి కొన్ని మొక్కలను పారతో మట్టితో సహా తీసి, వేరు బుడిపెలను కోసి చూడవలెను. లోపల గులాబిరంగు ఉన్నవే పనిచేయునవి.

5. రెండు చోట్ల దిగుబడిని వేరుగా తూచవలెను.

తేడా కనిపించినచో మరుసటి పంటకు చేనంతటికి వాడుడు. లేనిచో ఆ లెక్కలతో మీ వ్యవసాయాధికారిని సంప్రదింపుడు.