మైకు బాగైనవాళ్లకే ఇస్తారు

చెల్లీ, మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదల్లేదు. "ఉపవాసం ఉన్నాం, ప్రార్థన నూనె రాశాం, కూటాలకి మోసుకెళ్లాం. మీ మరిది చెయ్యి ఇంకా లేవట్లేదు. దేవుణ్ణి స్వస్థపరిచేవాడని ఏ నోటితో అననక్కా?" అన్నావు. ఆ తర్వాత గొంతు తగ్గించి, కూటంలో పక్కన కూర్చున్నావిడ "మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదేమో" అందని చెప్పావు చూడు, ముందు దాని సంగతి తేల్చుకుందాం.

పాలకాయతిప్ప కోడలివి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీ అత్తగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! ఆ రాత్రి దివిసీమలో దేవుణ్ణి పిలవని నోరుందంటావా? హంసలదీవి వేణుగోపాలస్వామిని మొక్కినవాళ్లున్నారు, యేసయ్యా అని అరిచినవాళ్లున్నారు. చేతికి తాడిచెట్టు దొరికినవాళ్లు మిగిలారు. పట్టు జారినవాళ్లు కొట్టుకుపోయారు. పదివేల మందికి పైగా పోయారని లెక్క. వాళ్లకి భక్తి తక్కువైందని ఇన్నేళ్లలో ఒక్కరన్నా అనగా విన్నావా? అంటే ఊరు ఊరుకుంటుందా? మరి పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ మాట అంత తేలిగ్గా ఎలా వస్తుందో నాకర్థం కాదు.

స్వస్థత కూటాలంటే నాకేం కోపం లేదు. బాగైనవాళ్లని నేనూ చూశాను. కాకపోతే అక్కడ మైకు బాగైనవాళ్లకే ఇస్తారు. కర్రతో వచ్చి, కర్రతోనే కోడూరు బస్సెక్కే ముసలమ్మని స్టేజీ మీదకి పిలిచి "నీ సంగతేంటమ్మా" అని అడగరు. అందుకే లోకమంతా లేచి నడుస్తోందనీ, మనమే మిగిలిపోయామనీ అనిపిస్తుంది.

బైబిల్లో అలా దాచలేదు. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తెచ్చి వేస్తేనే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది కదా. త్రోఫిముది ఆ ఎఫెసే. పౌలు వెంట తిరిగినవాడు, పరాయివాడేం కాదు. అతను జబ్బుపడితే మిలేతులో వదిలేసి వచ్చానని పౌలే తిమోతికి రాశాడు. ఒక్క వాక్యం, అంతే. ఎందుకు బాగవలేదో రాయలేదు, ఎవరి విశ్వాసం చాల్లేదో అసలే రాయలేదు. సంజాయిషీ లేని ఆ వాక్యమంటే నాకు ప్రాణం.

బైబిల్లోనే కాదు. మనవైపు నుంచి గుణదల తిరునాళ్లకి ఫిబ్రవరి 11న ఎంతమంది వెళ్తారో నీకు తెలుసు, మతంతో పని లేకుండా. గుణదల మాత అంటే లూర్దు మాతే. 1858లో లూర్దులో మరియమాత దర్శనం చూసి, రోగాలు పోగొడుతుందని ఇప్పటికీ జనం వెళ్లే నీటి ఊటని తన చేత్తో తవ్వి చూపించింది బెర్నదెత్ అనే పిల్ల. మరి ఆ పిల్లకో? ఉబ్బసం పోలేదు, పైగా క్షయ పట్టుకుంది. 1879లో ముప్పయ్యయిదేళ్లకే చనిపోయింది. కాథలిక్కులు ఆమెని పునీతురాలన్నారు గానీ నమ్మకం చాలనిదని అనలేదు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతున్నా. బీపీ మాత్రలు ఆపితేనే విశ్వాసం అని ఎవరన్నా అంటే వినకు. బైబిల్లో హిజ్కియా రాజుకి బాగుచేస్తానని దేవుడు మాటిచ్చాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ప్రార్థన చేసిన చేత్తోనే మాత్ర ఇవ్వు. ఫిజియోథెరపీ అతను చెప్పినట్టు పొద్దునా సాయంత్రం వేళ్లు ఒక్కొక్కటీ చాపించు. వల అల్లిన వేళ్లు కదా, విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఇక ఏ నోటితో అననక్కా అన్నావు. 88వ కీర్తన తీసి చదువు. రాసినవాడు మొదటి మాటలోనే రక్షించే దేవుడా అని పిలుస్తాడు. ఆ తర్వాతంతా నిష్ఠూరమే: రాత్రీ పగలూ పిలుస్తున్నాను, మొహం ఎందుకు తిప్పుకున్నావు, నావాళ్లని ఎందుకు దూరం చేశావు అని. జవాబు రాదు. చీకటి మాటతోనే ఆగిపోతుంది కీర్తన. నిష్ఠూరమాడిన నోరూ, రక్షకుడా అన్న నోరూ ఒకటే. నీ నోరూ సరిపోతుందే, పిచ్చిదానా. ఏడుస్తూ అడుగు, కోపంగా అడుగు, అడగబుద్ధి కాని రోజు ఊరికే పక్కన కూర్చో.

కూటంలో ఆవిడ మళ్లీ కనిపించి విశ్వాసం చాల్లేదనే అంటే త్రోఫిము ఎవరో చెప్పమను. మరిదిని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు ముందుగా చెప్పు. నేనూ వస్తాను, ఇద్దరం చెరో వైపు పట్టుకుంటే బస్సెక్కించడం తేలిక.