అనంతపురం జిల్లా: భౌగోళిక, ఆర్థిక పరిశీలన

ఒక ప్రాంత ప్రజల జీవనమును గ్రహింపవలెనన్న ముందుగా ఆ ప్రాంతపు నేలను, నీటిని పరిశీలింపవలెను. ఇందుకు రాయలసీమలోని అనంతపురం జిల్లా తగిన ఉదాహరణము. దీనికి ‘కరవు జిల్లా’ అను పేరు స్థిరపడిపోయినది. ఆ కరవునకు వర్షాభావ మొక్కటే కారణమా, లేక పంటల ఎంపికలో కూడ కారణము గలదా అను విషయమును ఈ వ్యాసమున విచారింతము.

ఉనికి

1800లో నిజాం ప్రభువు ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన ప్రాంతములో ఇది ఒక భాగము. ఆ దత్త మండలమునకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1882లో బళ్ళారి జిల్లా నుండి విడదీసి దీనిని ప్రత్యేక జిల్లాగా ఏర్పరచిరి. 19,130 చదరపు కిలోమీటర్ల వైశాల్యము, 2011 లెక్కల ప్రకారము సుమారు 40.8 లక్షల జనాభా గల ఈ జిల్లా నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన హిందూపురం, పెనుకొండ, కదిరి, ధర్మవరం, పుట్టపర్తి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడినవి. ఇందు చర్చించునది ఉమ్మడి జిల్లా గురించియే.

వర్షము, నదులు

నైరుతి రుతుపవనములు పడమటి కనుమలలోనే తమ తేమను చాలవరకు కురిపించి ఇటు వచ్చును. ఈశాన్య రుతుపవనములు తూర్పు తీరము నుండి ఇంత దూరము చేరునప్పటికి బలహీనపడును. ఈ రెండు కారణముల వలన ఏటా సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నంది కొండలలో పుట్టిన పెన్న, చిత్రావతి, తుంగభద్రలో కలియు హగరి ముఖ్యమైన నదులు. అయినను సంవత్సరములో ఎక్కువ కాలము వీటియందు ఇసుకయే కనిపించును.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూడదగును. 550 మిల్లీమీటర్ల వానను జిల్లా వైశాల్యముతో హెచ్చించినచో దాదాపు 370 టి.ఎం.సి. నీరగును. తుంగభద్ర ఎగువ కాలువలో మన రాష్ట్రమునకు కేటాయించిన నీరు 32.5 టి.ఎం.సి. మాత్రమే, అదియు మూడు జిల్లాలు పంచుకొనవలసినది. అనగా ఆకాశము నుండి రాలు నీరు ఆ కాలువ నీటికి పదిరెట్లు మించినది. అందు అధిక భాగము ఎండకు ఆవిరియై పోవును. కొంత వాగులలో పారిపోవును. విజయనగర కాలపు పెద్దలు ఊరూరా చెరువులు త్రవ్వించుటలోని వివేకము దీనివలన బోధపడును. అనంతపురమునకు ఆ పేరు వచ్చినదే అనంతసాగరమను చెరువును బట్టి.

నేల, పంట

ఉత్తర భాగమున తాడిపత్రి, గుత్తి ప్రాంతములలో నల్లరేగడి గలదు. మిగిలిన జిల్లాలో చాలభాగము లోతు తక్కువైన ఎర్రనేల. ఈ నేలలో పూర్వము కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఉలవ, కంది, ఆముదము కలిపియు, మార్చియు పండించెడివారు. నూనెగింజలకు గిరాకి పెరిగిన కొలది వేరుశనగ వాటి స్థానమును ఆక్రమించినది. 1986లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నూనెగింజల సాంకేతిక కార్యక్రమము దీనికి మరింత ఊతమిచ్చినది. ఒక దశలో ఈ పంట ఏడు లక్షల హెక్టార్లకు మించి విస్తరించినది. రొక్కము వచ్చును, నూనె మిల్లులు దగ్గర, కట్టె పశువులకు మేత. కావున రైతు ఎంపికను తప్పు పట్టరాదు.

అయితే ఈ పంట స్వభావమును గమనింపవలెను. వేరుశనగ పూత నేలపైన పూచును. ఊడలు దిగి కాయ భూమిలో ఊరును. ఊడలు దిగు వేళ, కాయ ఊరు వేళ నేలలో పదను లేనిచో కాయ నిలువదు. ఆగస్టు, సెప్టెంబరులలో మూడు వారములు వాన మొగము చాటుచేసిన చాలును, ఆ ఏటి సగటు వర్షపాతము లెక్కకు సరిపోయినను పంట చేతికి రాదు. పైగా ఎకరమునకు ఏబది, అరువది కిలోల విత్తనపు పప్పు కావలెను. కొర్రకు రెండు కిలోలు చాలును. కనుక పంట పోయినప్పుడు కొర్ర రైతు పోగొట్టుకొనునది స్వల్పము. వేరుశనగ రైతుకు మిగులునది అప్పు.

ఒకే పంట వ్యాపించుటలో మరియొక ప్రమాదము గలదు. 2000 సంవత్సరములో వైరస్ వలన కలుగు కాండము కుళ్ళు తెగులు సుమారు రెండుంబాతిక లక్షల హెక్టార్లను దెబ్బతీసినది. తామర పురుగులు, వయ్యారిభామ కలుపు మొక్కల పుప్పొడి దాని వ్యాప్తికి తోడ్పడినవి. నష్టము మూడువందల కోట్ల రూపాయలకు మించినది. ఇట్టి సంవత్సరములలో బెంగుళూరు వంటి నగరములకు కూలికి వలసపోవుట పల్లెలలో పరిపాటి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లి గ్రామముననే ప్రారంభించుట గమనింపదగిన విషయము.

ఇతర వనరులు

ధర్మవరము పట్టుచీరలకు, రాయదుర్గము దుస్తుల కుట్టుపనికి, హిందూపురము పట్టుగూళ్ళ విపణికి, తాడిపత్రి నాపరాళ్ళకు, సిమెంటుకు ప్రసిద్ధి. పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. హంద్రీ–నీవా పథకము ద్వారా కృష్ణా జలములు జీడిపల్లి జలాశయము చేరుచున్నవి. బిందు సేద్యముతో చీనీ, దానిమ్మ, అరటి తోటలు పెరిగినవి. ఇది సంతోషకరమే. కాని బోరు నీటిపై ఆధారపడిన తోట ఎండినచో పోవునది ఒక ఏటి పంట కాదు, పది సంవత్సరముల పెట్టుబడి. ఒకే పంటను నమ్ముకొనుట ఎట్టిదో, అడుగంటుచున్న బోరును నమ్ముకొనుటయు అట్టిదే.

ముగింపు

వర్షము తక్కువ అనుట సత్యమే; దానిని మనము మార్పజాలము. కాని తక్కువ వానను కరవుగాను, కరవును అప్పుగాను మార్చునది మన పంటల తీరు, చెరువుల స్థితి. కంది, కొర్ర, ఆముదము వేరుశనగతో కలిసిన పొలములో ఒకటి పోయిన మరియొకటి నిలుచును. పూడిక తీసిన చెరువు క్రింది బావులలో ఊట నిలుచును.

మన ఉభయభాషా విద్యార్థులకు ‘ఖరీఫు’, ‘రబీ’ పదములు సుపరిచితములే. అరబ్బీలో వీటికి శరత్తు, వసంతము అని అర్థము. ఇవి కోతకాలమును బట్టి ఏర్పడిన పేర్లు. విత్తిన ప్రతి రైతుకు ఆ కోతకాలము రావలెను. సెలవులలో స్వగ్రామములకు వెళ్ళు విద్యార్థులు తమ ఊరి చెరువు ఆయకట్టు ఎంత, నేడు తడియునది ఎంత, ముప్పది యేండ్ల క్రిందట పండిన పంటలెన్ని, నేడెన్ని అని పెద్దల నడిగి వ్రాసికొని వచ్చినచో, అది ఏ పాఠ్యపుస్తకమునందును దొరకని భూగోళశాస్త్రమగును.