రోహిణి కార్తెలో కట్టే లెక్క

మేకల మంద పెరగాలంటే కొననక్కర్లేదు. 5 ఆడమేకలు, ఒక పోతు ఉన్న ఇల్లు తీసుకోండి. మేక చూడి కాలం ఐదు నెలలు. మేత బాగుంటే రెండేళ్లలో మూడు ఈతలు ఈనుతుంది. ఈతకు సగటున ఒకటిన్నర పిల్ల అనుకున్నా రెండేళ్లలో 22 పిల్లలు. అందులో 4 చనిపోయాయనుకుందాం. మిగిలిన 18లో పోతుపిల్లల్ని ఎప్పటికప్పుడు అమ్మేశారనుకుందాం. అయినా 9 ఆడపిల్లలు కొట్టంలో నిలుస్తాయి, వాటిలో పెద్దవి అప్పటికే చూడితో ఉంటాయి. ఎవరూ కొనడానికి సంతకు వెళ్లలేదు, రూపాయి ఖర్చు పెట్టలేదు, మందను పెంచాలని నిర్ణయించలేదు. ఐదు కాస్తా పద్నాలుగయ్యాయి.

నిగ్రహం అంటే సంతలో చేతులు కట్టుకుని నిలబడటమేనని చాలామంది అనుకుంటారు. అది చిన్న భాగం. పెబ్బేరు లాంటి పెద్ద సంతలో మంచి పొదుగు, నిగనిగలాడే ఒళ్లు ఉన్న మేక కనబడితే చేయి దానంతటదే నడుం మీదికి పోతుంది. పళ్లు చూస్తాం, ఎన్నో ఈత అని అడుగుతాం, ధర తెలుసుకుంటాం. ఆ ఆశ కళ్లెదుట నిలబడుతుంది కాబట్టి గుర్తుపట్టవచ్చు, కాదని వెనక్కి తిరగవచ్చు. ఇంట్లో పెరిగే ఆశను గుర్తుపట్టడమే కష్టం. అమ్మాల్సిన రోజున అమ్మకపోవడమూ కొనడమే. “ఇంకో నెల చూద్దాంలే” అన్న ప్రతిసారీ ఒక మేకను కొంటున్నాం, డబ్బుకు బదులు మేతతో, ఇంటివాళ్ల రెక్కల కష్టంతో కొంటున్నాం.

ఒక మాట ముందే చెప్పాలి. మేక ఒంటరిగా బతికే జీవం కాదు. తోడు లేకపోతే అరుస్తుంది, మేత మానేస్తుంది. కాబట్టి ఒక్కటే ఉన్నవాళ్లు రెండోదాన్ని తెచ్చుకోవడం ఆశ కాదు, అవసరం. నేను మాట్లాడుతున్నది ఆ తర్వాతి సంగతి.

హద్దు ఎక్కడ గీయాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎప్పుడు గీయాలన్నదే ప్రశ్న. శ్రావణంలో గీస్తే ఆ హద్దుకు విలువ ఉండదు. తొలకరి పడి గట్లు, పోరంబోకులు పచ్చబడితే పదిహేను కాదు, ముప్పై మేకలు మేసినా తరగనట్టే కనిపిస్తుంది. సంక్రాంతి ప్రాంతంలో కోసిన చేలు ఖాళీగా ఉంటాయి. ఎరువు కోసం రైతులే మంద కట్టమని పిలుస్తారు. ఆ నెలల్లో మనసు విశాలంగా ఉంటుంది, వచ్చినదాన్నల్లా ఉంచుకోమంటుంది. హద్దు గీయాల్సింది రోహిణి కార్తెలో. మే చివర, రోళ్లు పగిలే ఎండలో, బీడులో నేల తప్ప మరేమీ లేనప్పుడు. అప్పుడు మేత మన చేతుల మీదుగా రావాలి. సుబాబుల్, అవిశ, రావి కొమ్మలు కొట్టి మోసుకురావాలి. దాచిపెట్టిన వేరుశనగ కట్టె, కంది పొట్టు బయటికి తీయాలి. పెద్ద మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. 10 మేకలకు రోజుకు 35 కిలోలు వేసుకుంటే, వంద రోజుల ఎండాకాలానికి మూడున్నర టన్నులు. అందులో చెట్ల మీద ఉన్నదెంత? వామిలో ఉన్నదెంత? మిట్టమధ్యాహ్నం ఆ కొమ్మలు కొట్టి మోసే మనుషులు ఇంట్లో ఎందరు? వీటికి నిజాయతీగా జవాబు చెప్పుకుంటే మీ మంద ఎంతో తేలిపోతుంది.

ఈ లెక్క నేను కొత్తగా కనిపెట్టింది కాదు. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. ఊరివాళ్లు 1517లోనే ఒక కట్టుబాటు రాసుకున్నారు: చలికాలమంతా ఇంట్లో కట్టేసి మేపగలిగినన్ని ఆవులను మాత్రమే ఎవరైనా వేసవిలో ఉమ్మడి కొండ బీడుకు తోలవచ్చు. మనకు ఎండాకాలం ఎలాగో, మంచు కప్పేసే చలికాలం వాళ్లకు అలాగ. గడ్డి సమృద్ధిగా ఉన్న కాలాన్ని చూసి కాకుండా, గడ్డి లేని కాలాన్ని చూసి మందను కొలిచారు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో తెచ్చిన పుస్తకంలో ఈ ఊరిని ప్రధాన ఉదాహరణగా తీసుకున్నారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. అంతకు చాలా ముందు, 1968లో, గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక వ్యాసంలో ఉమ్మడి బీడును ఊహించుకోమన్నాడు. ప్రతి కాపరీ ‘ఇంకొక్కటే కదా’ అని ఒక జీవాన్ని కలుపుతాడు, దాని లాభమంతా తనకే, బీడుకు జరిగే నష్టం మాత్రం అందరికీ పంచుతాడు, చివరికి బీడే మిగలదు. మనిషి ఆశ గురించి హార్డిన్ చెప్పింది నిజమే. కానీ ఆశకు కళ్లెం వేసుకోవడం మామూలు పల్లె మనుషులకు చేతనవుతుందని టోర్బెల్ రైతులు చేసి చూపించారు. నాకు వాళ్ల మీదే ఎక్కువ గౌరవం.

మన ఊళ్లలో అలాంటి రాతపూర్వక కట్టుబాటు దాదాపు లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు, 2012తో పోలిస్తే పదిశాతం ఎక్కువ. మేకలు పెరిగాయి. ఊళ్ల చుట్టూ మేత బీళ్లేమో పట్టాలై, ప్లాట్లై తరిగిపోతున్నాయి. ఊరు గీయని గీతను ప్రతి ఇల్లూ తనకు తానే గీసుకోవాల్సిన రోజులివి.

అయితే మేత ఒక్కటే హద్దు కాదు. పెద్ద మేకకు కొట్టంలో సుమారు పది చదరపు అడుగుల నీడ కావాలి. పదింటికి కట్టిన కొట్టంలో పదిహేనింటిని తోస్తే తెల్లవారేసరికి మూత్రం ఘాటు కళ్లలో కొడుతుంది, పిల్లలకు దగ్గు పట్టుకుంటుంది, రక్తపు పారుడు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. బయటి నుంచి తెచ్చిన జీవం వెంట రోగమూ రావచ్చు. మేకల్ని, గొర్రెల్ని మందలు మందలుగా పడగొట్టే పి.పి.ఆర్ మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. సంతలో కొన్న మేక పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు, రోగం కొన్నాళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే కొత్తదాన్ని మూడు వారాలపాటు విడిగా కట్టాలంటారు. విడిగా కట్టే చోటు లేని ఇంటికి కొత్త మేక కొనే హక్కు కూడా లేదని నా అభిప్రాయం.

వీటన్నిటికంటే ముఖ్యమైన హద్దు మన చూపు. పది మేకలున్న మనిషి పొద్దున కొట్టం తలుపు తీయగానే ఏది నెమరు వేయడం లేదో, ఏది కుంటుతూ నడుస్తోందో, ఏది ఎదకు వచ్చిందో చూస్తాడు. పాతికయ్యేసరికి అతనికి కనిపించేది మంద. పేర్లు పోతాయి, నట్టల మందు ఏది తాగిందో ఏది తాగలేదో మరిచిపోతాడు, పొదుగు వాపు చేయి దాటిపోయాక తెలుస్తుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న మాట జీవాల విషయంలో పాలకే కాదు, మన శ్రద్ధకూ వర్తిస్తుంది. పెంపకందారుగా ఎదగడమంటే నాకు తెలిసి ఈ శ్రద్ధ చిక్కబడటమే.

మందను పెంచుకునేవాళ్ల దగ్గర బలమైన వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అనంతపురం లాంటి కరువు సీమలో “పది ఉంటే నాలుగు పోయినా ఆరు మిగులుతాయి” అంటారు. జీవాలే బ్యాంకు అయిన ఇంటికి ఆ భయం సహజం, న్యాయం కూడా. కానీ కరువొచ్చిన ఏడాది ఏం జరుగుతుందో చూడండి. ఉన్న కాస్త మేత ఎక్కువ నోళ్ల మధ్య పడి అన్నీ చిక్కిపోతాయి. చూడి మేకలు ఈచుకుపోతాయి, పాలు లేక పిల్లలు చస్తాయి. అప్పుడు ఊళ్లకు ఊళ్లే తమ జీవాల్ని ఒకే సంతకు తోలుకొస్తాయి, ధర పడిపోతుంది. కరువును తట్టుకునేది ఎక్కువ మంద కాదు, కండ పట్టి ఉన్న మంద. తొలి వాన ఆలస్యమైందని తెలియగానే, మిగతావాళ్ల కంటే ముందు నాలుగింటిని మంచి ధరకు అమ్మగలిగిన మనిషి దగ్గర మిగిలిన ఆరూ నిలబడతాయి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది మమకారం. మందలోకెల్లా మంచి పాలిచ్చే మేక ఆడపిల్లను ఈనిందనుకోండి. “ఏమయ్యా, దీన్ని మాత్రం అమ్మొద్దు, వాళ్లమ్మ పోలికే” అంటుంది ఇల్లాలు. పిల్లలు దానికి అప్పటికే పేరు పెట్టేసి ఉంటారు. వీళ్ల మాటలో తప్పు లేదు. మంచి తల్లి పిల్లను ఉంచుకోవడమే మేలైన పెంపకం. ఉంచుకుంటే ఏది వెళ్తుందన్న ప్రశ్న మాత్రం ఆ రోజే అడగాలి. ఆరేడు ఈతలు దాటి పళ్లు అరిగిన ముసలిదా, రెండుసార్లు ఎద కట్టినా చూలు నిలవనిదా, పిల్లలకు పాలు చాలనిదా? ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాలన్న నియమం ప్రేమకు విరుద్ధమని నేను అనుకోను. మేపలేని ప్రాణాన్ని ఉంచుకుని చిక్కిపోతుంటే చూడటంలోనే ప్రేమ తక్కువ. ఆ పేరు పెట్టిన పిల్లలకు ఇది దాచకుండా చెప్పాలి. మేకను ఎందుకు అమ్ముతున్నారో తెలిసిన పిల్లవాడు నెలవారీ ఖర్చుల్ని, అప్పుల్ని కూడా ఒక హద్దులో పెట్టుకోవడం చిన్నప్పుడే నేర్చుకుంటాడు.

గౌరవం కోసం మందను పెంచేవాళ్ల సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. “మీకెన్ని జీవాలు?” అని పెళ్లిచూపుల్లో అడుగుతారు. ఎన్ని ఆరోగ్యంగా ఉన్నాయని అడగరు. అడగని ఆ ప్రశ్నకు మనమే జవాబు సిద్ధం చేసుకోవాలి.

ఆచరణలో ఇది ఎలా నిలబడుతుంది? రోహిణి కార్తెలో తేలిన సంఖ్యను కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక్కరి మనసులో ఉన్న హద్దు ఆ ఒక్కరి మనసు మారగానే చెరిగిపోతుంది. ఏ వయసుకు పోతుపిల్లల్ని అమ్మాలో ఈనిన వారమే అనుకోండి, అవి ముద్దొచ్చే వయసుకు రాకముందే. సంతకు అమ్మడానికి వెళ్తున్నప్పుడు కొనే డబ్బు వెంట తీసుకెళ్లకండి. నచ్చిన మేక కనబడితే బేరం అదే రోజు తేల్చకుండా ఒక రాత్రి గడవనివ్వండి. పొద్దున్నే లేచి, వచ్చే మే నెలలో దీనికి కొమ్మలు ఎవరు కొడతారని ఇంట్లో అడగండి. “నేను కొడతాను” అని ఎవరూ అనకపోతే ఆ మేక మీది కాదు.

అలా కొనకుండా మిగిలిన డబ్బును ఉన్న మందలోనే పెట్టవచ్చు. తొలకరికి ముందే చిటుకు రోగం టీకా, పి.పి.ఆర్ టీకా, నట్టల మందు. తన కూతుళ్లనే దాటే దశకు పోతు రాకముందే దాన్ని మార్చడం. పాతిక మేకలకు ఒక మంచి పోతు సరిపోతుంది కాబట్టి, పక్కింటివాళ్లతో కలిసి కొనుక్కుంటే ఖర్చు సగమవుతుంది. పదకొండో మేకకు పెట్టే డబ్బుతో పోతును మారిస్తే పది మేకల పిల్లలూ బాగుపడతాయి.

సంఖ్యను శాశ్వతంగా బిగించమని నేను అనడం లేదు. ఈ ఆషాఢంలో గట్టు పొడవునా అవిశ, సుబాబుల్ మొక్కలు నాటండి, నీళ్లున్న మూలలో దశరథ గడ్డి వేయండి, వేరుశనగ కట్టె అమ్మకుండా వామి వేయండి. మొక్కల్ని మేకల నోటికి అందకుండా కంచె కట్టి కాపాడండి. రెండేళ్ల తర్వాత మళ్లీ రోహిణి కార్తెలో కూర్చుని అవే ప్రశ్నలు వేసుకోండి. మేత మిగిలిందా? కొట్టంలో చోటుందా? కొమ్మలు కొట్టే మనుషులున్నారా? మూడింటికీ ఔనని వస్తే, ఆ ఏడు పుట్టిన ఆడపిల్లల్లో మేలైన రెండింటిని ఉంచుకుని, గోడ మీది అంకె చెరిపి కొత్తది రాయండి.