చిరుజ్వాల

పాఠ్యభాగ ఉద్దేశం : ఇంధన పొదుపు, భద్రత పరస్పర విరుద్ధాలు కావనీ, సక్రమమైన నిర్వహణే రెండింటికీ ఆధారమనీ విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

నిప్పును పుట్టించడం కన్నా నిలుపుకోవడం సులభమని పూర్వులు గ్రహించారు. అగ్గిపెట్టె అరుదుగా లభించిన రోజుల్లో పల్లెల్లోని గృహిణులు రాత్రి వంట ముగిసిన తరువాత పొయ్యిలోని నిప్పుకణికలపై బూడిద కప్పి ఉంచేవారు. తెల్లవారిన తరువాత ఆ నివురును తొలగించి, ఎండుపుల్లలు వేసి ఊదితే మంట లేచేది. పొయ్యి చల్లారిన ఇంటివారు పిడక తీసుకొని పొరుగింటికి నిప్పు కోసం వెళ్ళేవారు. గ్యాసు పొయ్యిల కాలంలో ఆ నిప్పుకణికకు వారసురాలు పైలట్ జ్వాల.

పెద్ద బర్నరును వెలిగించడానికి దాని పక్కనే ఎల్లవేళలా వెలుగుతూ ఉండే చిన్న మంటనే పైలట్ జ్వాల అంటారు. ఇళ్ళలోని సాధారణ పొయ్యిలకు ఇది ఉండదు. వందలమందికి వండే వంటశాలల్లోని కొన్ని రకాల పొయ్యిలలోను, గ్యాసుతో నడిచే బాయిలర్లు, కొలుముల్లోను ఇది కనిపిస్తుంది.

హైదరాబాదు నుండి సంగారెడ్డి వైపు సాగే జాతీయ రహదారి పరిసరాలు ఇటువంటి పరికరాలకు నెలవు. 1960ల దశకంలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం ఏర్పడింది. ఆ తరువాతి కాలంలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. మందులు, రసాయనాలు, యంత్రభాగాలు తయారుచేసే పరిశ్రమలు అక్కడ వెలిశాయి. 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారాలలో క్యాంటీను ఏర్పాటు చేయించే అధికారాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి కల్పించింది. ఈ విధంగా యంత్రశాలతో పాటు వంటశాల కూడా పరిశ్రమలో భాగమైంది.

పైలట్ జ్వాల బర్నరును వెలిగించడమే కాక దానికి కాపలా కూడా కాస్తుంది. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపి, ఆ అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గుర్తించిన ఈ ధర్మంపై ఆధారపడి పనిచేసే సాధనమే థర్మోకపుల్. దీనినే తెలుగులో ఉష్ణయుగ్మం అంటారు. చిరుజ్వాల దాని కొనను వేడిచేసినంతసేపు అందులో కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టి, ఒక విద్యుదయస్కాంతం ద్వారా గ్యాసు వాల్వును తెరచి ఉంచుతుంది. జ్వాల ఆరిపోతే కొన చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది, స్ప్రింగు వాల్వును మూసివేస్తుంది.

అయితే ఈ కాపలాకు ఖర్చు ఉంది. ఒక చిరుజ్వాల 200 వాట్ల ఉష్ణాన్ని వెలువరిస్తుందని అనుకుందాం. అది రోజుకు సుమారు 1.73 కోట్ల జౌళ్ళు అవుతుంది. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు 4.6 కోట్ల జౌళ్ళ ఉష్ణం లభిస్తుంది. అంటే ఆ జ్వాల రోజుకు దాదాపు 375 గ్రాముల గ్యాసును ఖర్చు చేస్తుంది. ఈ లెక్కన 19 కిలోల వాణిజ్య సిలిండరు 50 రోజుల్లో, సంవత్సరానికి ఏడుకు పైగా సిలిండర్లు ఖాళీ అవుతాయి. వంట రోజుకు ఎనిమిది గంటలే సాగే క్యాంటీనులో మిగిలిన పదహారు గంటలు జ్వాలను ఆర్పివేస్తే ఈ ఖర్చులో మూడింట రెండు వంతులు మిగులుతుంది.

పని ముగిసిన తరువాత జ్వాలను ఆర్పి, ప్రధాన వాల్వును మూసివేయడం సరైన పొదుపు. అవసరమైనప్పుడు మాత్రమే విద్యుత్ స్పార్కుతో వెలిగే పరికరాలను అమర్చుకోవడం మరొక మార్గం. అనేక ఆధునిక బాయిలర్లలో ప్రధాన జ్వాల నిలదొక్కుకోగానే పైలట్ జ్వాల ఆరిపోతుంది. ఆ తరువాత జ్వాలను పసిగట్టే సెన్సారు కాపలా కాస్తుంది.

పొదుపు పేరుతో నిర్వహణను మానుకోవడం మాత్రం ప్రమాదకరం. దుమ్ము, జిడ్డు, సాలెగూడు అడ్డుపడితే జ్వాల నీరసించి, తరచు ఆరిపోతుంది. అటువంటి సమయంలో కారణాన్ని వెదకకుండా, వాల్వు మీటను తీగతో కట్టివేయడం ప్రాణాలతో చెలగాటమాడటమే. అప్పుడు మంట ఆరినా గ్యాసు ఆగదు. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది కనుక నేలమీద, కాలువల్లో, గుంటల్లో పేరుకుంటుంది. గాలిలో అది సుమారు రెండు శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. నివురుగప్పిన నిప్పు అనే జాతీయానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

ఆరోగ్యవంతమైన చిరుజ్వాల నీలంగా, నిలకడగా ఉండి ఉష్ణయుగ్మం కొనను చుట్టుకొని ఉంటుంది. పసుపుపచ్చని మంట, మసి కనిపిస్తే గాలి చాలడం లేదని అర్థం. జెట్టును సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. కనుక గ్యాసు ఆపి, అది చల్లారిన తరువాత మెత్తని బ్రష్షుతోనో, గాలితోనో శుభ్రం చేయాలి. అతుకుల వద్ద లీకును సబ్బునీటితో పరీక్షించాలే కాని అగ్గిపుల్లతో కాదు. జ్వాల ఆరితే వాల్వు మూసి, తలుపులు తెరచి, కనీసం అయిదు నిమిషాలు ఆగి, వాసన లేదని నిర్ధారించుకున్న తరువాతనే తిరిగి వెలిగించాలి. వాసన ఉంటే విద్యుత్ స్విచ్చులను తాకరాదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అడుగుపెట్టబోయే యువకార్మికునికి పెద్ద యంత్రాల పరిజ్ఞానంతో పాటు ఈ చిన్న మంట పట్ల శ్రద్ధ కూడా అవసరం. అతనితో పాటు పనిచేసే వారందరి క్షేమం దానిపై ఆధారపడి ఉంటుంది.

కఠిన పదాలు - అర్థాలు
నివురు : నిప్పుపై పేరుకున్న బూడిద
నెలవు : స్థానం
కొలిమి : లోహాలను కాచే పొయ్యి
చెలగాటం : ఆట, పరిహాసం

ప్రశ్నలు
1. ఉష్ణయుగ్మం ప్రమాదాన్ని ఏ విధంగా నివారిస్తుందో వివరించండి.
2. సరైన పొదుపుకు, ప్రమాదకరమైన నిర్లక్ష్యానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా తెలపండి.
3. 'నివురుగప్పిన నిప్పు' జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.